సంఘం అక్కకు ఉత్తరాలు: మిత్తి కోసం పిల్లల్ని దూరం చేసుకోవాలా?

(జవాబులు రాస్తున్నది వర్ధన్నపేట వైపు ఒక ఊళ్లో ఇరవై రెండేళ్లు మహిళా సంఘంలో, అందులో కొన్నేళ్లు మండల సమాఖ్యలో పనిచేసిన అక్క.)

ప్రశ్న: అక్కా, మాది నర్సంపేట దగ్గర పల్లె. మా ఆయన ఎనిమిది నెలల కింద గుండెపోటుతో పోయాడు. 36 ఏళ్లు. మూడెకరాలు కౌలుకు పట్టి పత్తి, మిర్చి వేసేవాడు. బాబు నాలుగో తరగతి, పాప రెండో తరగతి. అప్పు 3 లక్షల 40 వేలు ఉంది. పురుగుమందుల దుకాణంలో ఉద్దెర లక్షా 20 వేలు, ఊళ్లో ఒకాయన దగ్గర మూడు రూపాయల మిత్తికి లక్షన్నర, నా పేరు మీద సంఘం అప్పు 70 వేలు. పిల్లల్ని హనుమకొండలో ఏదైనా ఆశ్రమంలో వేసి, హైదరాబాద్‌లో ఇంటిపనికి పొమ్మంటున్నారు మా అత్తగారోళ్లు. నాకు మనసొప్పడం లేదు. వేరే దారి ఉందా?

జవాబు: చెల్లే, నీ ఉత్తరం రెండుసార్లు చదివి కాగితం మీద లెక్క వేశాను. లక్షన్నరకు మూడు రూపాయల మిత్తి అంటే నెలకు 4,500, ఏడాదికి 54 వేలు. నువ్వు హైదరాబాద్‌లో నాలుగిళ్లలో అంట్లు తోమి, గది కిరాయి కట్టగా మిగిలింది పోయేది దీనికే. అసలు అట్లనే ఉంటుంది. పిల్లలు ఆశ్రమంలో ఉండేది ఆ మిత్తి కోసమన్నమాట. కాబట్టి ముందు ఆ 4,500 సంగతి తేల్చుకుందాం.

ఆ ప్రోనోటు మీద సంతకం ఎవరిది? మీ ఆయనది ఒక్కడిదే అయితే, ఆయన వదిలిపోయిన ఆస్తి మేరకే ఆ అప్పు వసూలు చేసుకోవాలి, నీ కూలి డబ్బుల జోలికి రాకూడదు. చట్టం అట్లనే ఉంది. నోటుకు గడువు మూడేళ్లే. అందుకే అప్పులాయన 'పాత నోటు గడువు అయిపోతుందమ్మా, నీ పేరు మీద మార్చి రాద్దాం' అని వస్తాడు. ఈపాటికి వచ్చే ఉంటాడు. రాసివ్వకు. మా ఊళ్లో ఒకామె దినాలు అయిన వారానికే ఏడుపులోనే వేలిముద్ర వేసి ఏడేళ్లు కట్టింది. ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. ఆ ఊళ్లోనే బతకాలి, తెచ్చిన అప్పు తీర్చాలని నీకూ ఉంటుంది. తీర్చేదేదో అసలు తీర్చు.

ఒక్కదానివే పోకు. సంఘం నుంచి ఇద్దరిని, మాట చెల్లే పెద్దమనిషిని ఒకరిని వెంట తీసుకుపో. 'ఇవాళ్టి నుంచి మిత్తి ఆపండి, అసలు వాయిదాల్లో కడత' అని అడుగు. మందుల దుకాణంలోనూ ఇదే మాట. ఇట్లాంటి పంచాయితీల్లో నేను చాలా కూర్చున్నాను. మొదట గొంతు చించుకుంటారు, రెండో చాయ్ వచ్చేసరికి దిగుతారు. దిగకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పో. ఆడవాళ్లకు ఆదాయం ఎంతని చూడకుండా వకీలును ఉచితంగా పెడతారు. ఫోన్ 15100.

ఇక నీకు రావలసినవి. మీ ఆయన బ్యాంకు పాసుబుక్కులో ఎంట్రీలు వేయించు. మే నెలాఖరులో 436 రూపాయల కోత కనిపిస్తే అది జీవనజ్యోతి బీమా, 2 లక్షలు వస్తాయి. 20 రూపాయల కోత మాత్రం ప్రమాద బీమాది, గుండెపోటుకు పనికిరాదు. తమ ఖాతాలో ఈ కోత పడుతోందనే చాలామందికి తెలియదు. రైతుబీమా 5 లక్షలు పట్టా ఉన్నవాళ్లకే, కౌలు చేసేవాళ్లకు రాదు. 2018లో పెట్టినప్పటి నుంచీ నాకు దీని మీద కోపమే. ఎండలో నిలబడేది ఒకరు, బీమా ఇంకొకరికి. అయినా మీ ఆయన పేరు మీద ఏ నాలుగు గుంటలో పట్టా అయి ఉంటే, బీమాలో పేరు ఉందేమో మీ వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓ) అడుగు. ఇంటికి సంపాదించే మనిషి పోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి 20 వేలు వస్తాయి, దానికి తహశీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. వితంతు పింఛన్ నెలకు 2,016. నీ పేరు ఎక్కిందో లేదో ఉత్తరంలో రాయలేదు. ఎక్కకపోతే పంచాయతీ కార్యదర్శిని వదలకు.

పిల్లల కోసం ఇంకోటి ఉంది, ఊళ్లల్లో తెలిసింది తక్కువ. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని ఒక్కో బిడ్డకు నెలకు 4 వేలు ఇస్తారు. భర్త పోయిన తల్లి దగ్గర పెరిగే పిల్లలు దానికి అర్హులే. పల్లెల్లో అయితే ఇంటి ఆదాయం ఏడాదికి 72 వేలు దాటకూడదు, పిల్లలు బడికి పోతుండాలి, వాళ్ల పేరున బ్యాంకు ఖాతా ఉండాలి. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో. దారి తెలియకపోతే అంగన్‌వాడీ టీచర్‌ను అడుగు, లేదా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యి. పెట్టిన నెలకే డబ్బులు పడతాయని మాత్రం అనుకోకు, తిరగాల్సి వస్తుంది. మీ అత్తగారికి ఒక మాట చెప్పు: పిల్లల్ని ఆశ్రమాల్లో పెట్టడం చివరి దారిగానే ఉండాలని 2015 బాల న్యాయ చట్టంలోనే రాసి ఉంది.

గురుకులం మాట వేరు. మా చిన్నది గురుకులంలోనే చదివింది. బాబుకు ఐదో తరగతి ప్రవేశ పరీక్ష రాయించు, సీటు వస్తే చదువు కోసం పోతాడు, దసరాకు ఇంటికి వస్తాడు. ఇంట్లో తిండి లేదని పంపిస్తే మాత్రం పిల్లాడికి ఆ సంగతి తెలిసిపోతుంది.

సంఘం అప్పు వాయిదా తగ్గించమని మీటింగులో అడుగు, ఆపకు. ఆగితే రేపు సంఘాల ఆడవాళ్లకు అప్పులిచ్చే స్త్రీనిధిని అడిగే వీలుండదు. కుట్టుమిషన్ కొనుక్కో అని ఎవరైనా సలహా ఇస్తే కాస్త ఆగు. ఇప్పటికే మన ఊళ్లల్లో ఇంటికొక మిషన్ మూలకు పడి ఉంది. ఈ ఏడాదికి మిర్చి ఏరే కూలి, వడ్ల కాలంలో సంఘాలు వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో పని, పైన చెప్పిన డబ్బులు. వీటితో ఇల్లు నిలబడుతుందా లేదా చూసి మళ్లీ రాయి.

ప్రశ్న: మాది పరకాల. బర్రె కొనడానికని మా ఆవిడ స్త్రీనిధిలో 50 వేలు తెచ్చింది. నేను వాటితో నా పాత ఫైనాన్స్ కట్టేశాను. అప్పటి నుంచి మీటింగుకు పోయి వచ్చినప్పుడల్లా గొడవ. ఇప్పుడు పుట్టింటికి పోయింది. ఈ సంఘాలు కాపురాలు కూలుస్తున్నాయంటే తప్పా?

జవాబు: తప్పే తమ్ముడూ. వాయిదా రోజు పది మంది ముందు నిలబడేది నువ్వు కాదు. బర్రె ఎక్కడ అని అడిగితే ఆమె ఏం చెప్పాలి? నీ ఫైనాన్స్ కట్టానని చెప్పి నీ పరువు తీయలేదు, అందుకే ఇంటికొచ్చి నీ మీద అరిచింది.

నీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. గిరిగిరి ఫైనాన్స్ వాడు బండేసుకుని వాకిట్లో నిలబడితే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. 2010లో మైక్రోఫైనాన్స్ వాళ్లు వారం వారం వచ్చిన రోజులు నేను చూశాను. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం వాళ్లను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది, అప్పుడు మా వాడ ఊపిరి పీల్చుకుంది. కానీ ఆమెను అడిగి కట్టి ఉంటే ఇంత కథ లేదు. పెద్దమనుషుల్ని వెంటేసుకుని అత్తగారింటికి పోకు. రెండు నెలల వాయిదా డబ్బు జేబులో పెట్టుకుని ఒక్కడివే పో. నువ్వు రాయలేదు గానీ, చేయి చేసుకుని ఉంటే మాత్రం ఈ సలహా నీకు కాదు. ఆమెకు ఆడవాళ్ల సహాయ నంబరు 181 ఉంది.

ప్రశ్న: అక్కా, నేను కొత్తగా వీఓఏగా, అంటే ఊరి సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘానికి సహాయకురాలిగా చేరాను. వాయిదాలు కట్టలేదని మూడేళ్ల కింద ఒకామెను సంఘం నుంచి తీసేశారు. ముగ్గురు పిల్లలు, భర్త మంచాన ఉన్నాడు. మళ్లీ చేర్చుకుందామంటే సభ్యులు వద్దంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: బిడ్డా, ఆ వద్దనేవాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. పేదరికం తగ్గించే వెలుగు పథకం వచ్చిన కొత్తల్లో మా ఊళ్లో నేల మీద ముగ్గుతో ఊరి పటం గీశాం. ఏ ఇంట్లో పొయ్యి వెలగడం లేదో జనమే చూపించారు. ముందు ఆ ఇళ్లకే పోయేవాళ్లం. సంఘమంతా కలిసి బియ్యం బస్తాలు టోకున తెచ్చి అప్పుకు ఇచ్చేది. తర్వాత బ్యాంకు లింకేజీ, అంటే బ్యాంకు సంఘానికిచ్చే అప్పు, పెద్దదైంది. ఆ ఇళ్ల సంగతి పోయి మీటింగంతా రికవరీ మాటలే అయ్యాయి.

ఒకామె రెండు వాయిదాలు తప్పింది. మేం నలుగురం పొద్దున్నే పోయి ఆమె గడపలో కూర్చున్నాం. మధ్యాహ్నానికి ఆమె భర్త సైకిల్ తెచ్చి మా ముందు పెట్టాడు. తీసుకున్నాం. మరుసటి వారం ఇంటికి తాళం. మొగుడూ పెళ్లాం హైదరాబాద్ పోయారు, పిల్లల్ని అవ్వ దగ్గర వదిలారు, పెద్దపిల్ల బడి మానేసింది. ఆ ఏడాది నూటికి నూరు రికవరీ అని మండలంలో నాకు శాలువా కప్పారు. కప్పుకోబుద్ధి కాలేదు, పెట్టెలోనే ఉంది.

నీ సభ్యులతో అప్పు ఇద్దామని మొదలుపెట్టకు, వాళ్ల భయం అక్కడే ఉంది. పొదుపుతో చేర్చుకుందాం, ఆరు నెలలు బ్యాంకు అప్పులో ఆమె పేరు వద్దు అను. ఈలోగా మీ గ్రామైక్య సంఘం నిధి నుంచి బియ్యానికి చిన్న అప్పు అడుగు. పాత బాకీ ఎంతో పుస్తకంలో నువ్వే చూడు, నోటిమాట నమ్మకు. వచ్చే వారం మీటింగు ఆమె వాకిట్లో పెట్టు. ఆమె చాయ్ పెడతానంటుంది. పాలు, చక్కెర మీరే పట్టుకుపోండి.