ధనియాల పూత మీద చారల ఈగలు

ప్రశ్న: మేడ మీద కుండీల్లో ధనియాలు పూతకొచ్చాయి. పసుపు, నలుపు చారల పురుగులు వాటి పైన గాలిలో కదలకుండా నిలబడుతున్నాయి. ఇవి తేనెటీగలా, కందిరీగలా? కుడతాయా? ఫొటోలు తీస్తే ఒక్కోదాని చారలు ఒక్కోలా ఉన్నాయి.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కుట్టవు. ఒకేచోట నిలిచి, చటుక్కున పక్కకు జరిగి, మళ్లీ నిలిచేవి సిర్ఫిడ్ ఈగలు. వాటికి కొండి లేదు. ఆ చారలు ఉత్త కందిరీగ వేషం.

చారల కంటే ముందు రెక్కలు చూడండి. తేనెటీగకు, కందిరీగకు రెండు జతలు. ఈగకు ఒక్క జతే. మీసాలు కూడా పొట్టిగా ఉంటాయి. తేనెటీగ మీసాలు పొడుగ్గా, మోచేయిలా వంగి ఉంటాయి.

ఇక పొట్ట. అందరూ పొరబడేది ఖండాలు లెక్కపెట్టడంలోనే. మొదటి ఖండం సన్నగా, రొమ్ము చివరి పలక కింద దాగి ఉంటుంది. దాన్ని వదిలేస్తే రెండోది మొదటిదై లెక్కంతా తప్పుతుంది. రెండో ఖండం మీద మధ్యలో తెగిన రెండు పసుపు మచ్చలు, మూడు, నాలుగు ఖండాల మీద విల్లులా వంగిన పట్టీలు, రొమ్ము పక్క అంచుల్లో పసుపు గీత ఉంటే అది ఇస్కియోడాన్ స్క్యుటెల్లారిస్. మన పొలాల్లో తరచుగా కనిపించేది ఇదే. మూడు, నాలుగు ఖండాల్లో ఒక్కోదాని మీద రెండేసి నల్ల పట్టీలుండి, వెనకది లావుగా, ముందుది మీసకట్టులా సన్నగా ఉంటే ఎపిసిర్ఫస్ బాల్టియాటస్.

కళ్ల మీద చుక్కలో గీతలో ఉన్నవి ఎరిస్టాలినస్ జాతులు. వీటి పిల్లపురుగులు తోకలాంటి గొట్టంతో గాలి పీలుస్తూ మురుగునీటిలో పెరుగుతాయి.

మీ ఫొటోల్లో తేడాలకు చలి ఒక కారణం. ఒకే జాతిలో కూడా, చలిలో ప్యూపా దశ (పిల్లపురుగు ఈగగా మారే దశ) గడిపినవి ముదురుగా, ఎండల్లో గడిపినవి పసుపు ఎక్కువగా వస్తాయి. ప్యూపా నుంచి అప్పుడే బయటికొచ్చినవి పాలిపోయి ఉంటాయి. కొన్ని గంటలు గడిస్తే గాని చారలు తేలవు. అందుకే పట్టీ ఎంత లావుందనే దానికంటే దాని ఆకారాన్నే నమ్మాలి.

ఫొటో ఎండ ముదరకముందే తీయండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖానికి ఎదురుగా ఒకటి. ఫ్లాష్ వద్దు, మెరుపుకు చారలు చెరిగిపోతాయి. కళ్లు నడినెత్తిన కలిస్తే మగది, మధ్యలో ఎడముంటే ఆడది (చాలా జాతుల్లో ఇంతే).

ప్రశ్న: చిక్కుడు తీగ మీద పేనుబంక మధ్య ఆకుపచ్చ పురుగులున్నాయి. మందు కొట్టాలా?
– ఒక రైతు, గుంటూరు

జవాబు: ముందు కాళ్లు చూడండి. కాళ్లుంటే గొంగళిపురుగు కావచ్చు. కాళ్లూ, స్పష్టమైన తలా లేకుండా, ముందువైపు సన్నబడి, అటూ ఇటూ తడుముకుంటుంటే సిర్ఫిడ్ పిల్లపురుగు. ఒక్కొక్కటి వందల పేనుబంకను తినేస్తుంది. మందు కొడితే ముందు చచ్చేది ఇదే. మళ్లీ లేచేది పేనుబంక. రెండు మూడు రోజులు ఆగి, పేనుబంక తగ్గుతోందో లేదో చూడండి.

ప్రశ్న: మామిడితోటలో మిథైల్ యూజినాల్ (వాసనతో ఈగలను రప్పించే మందు) ఎరలో పడ్డ పసుపు మచ్చల ఈగలు ఇవేనా?
– ఒక పాఠకుడు, నూజివీడు

జవాబు: కావు, అవి పండు ఈగలు. రొమ్ము చివరి పలక పసుపుగా ఉండటం చూసి పొరబడతారు. పండు ఈగ రెక్క ముందు అంచున నల్లటి గీత, పొట్ట మీద ఇంగ్లీషు ‘టీ’ అక్షరంలాంటి నల్ల గుర్తు ఉంటాయి. ఎరలో పడేవన్నీ మగవే కాబట్టి, కాయలో గుడ్లు పెట్టే ఆడవి ఇంకా తోటలోనే ఉంటాయి.