ఆ కంప్యూటర్లు తుక్కువాడికి ఇచ్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పనిచేసే స్కూలుకి పాత విద్యార్థులు హైదరాబాద్‌లోని ఆఫీసు నుంచి పంపిన పద్నాలుగు కంప్యూటర్లలో విండోస్ 11 ఎక్కడం లేదని, హెడ్మాస్టరుగారు పెదవి విరిచారని అక్కయ్య ఫోన్‌లో చెప్పింది. వాటితోపాటు ల్యాబ్‌లో ముందునుంచీ ఉన్న పెంటియం ఫోర్ ప్రాసెసర్ల పాతకాలం కంప్యూటర్లు, బావ డీటీపీ షాపులో పాత విండోస్ ఎక్స్‌పీతో నడిచే మెషిను కూడా కలిపి ఒకే ఆటోలో తుక్కుకి పంపేద్దామనుకుంటున్నావట. ఆటో అప్పుడే పిలవకు. అవి మూడూ మూడు వేరే వేరే సంగతులు. ఆఫీసు నుంచి వచ్చినవి బాగుచేసుకుని వాడుకోవాలి. బావ మెషిన్ జోలికి పోకుండా కాపాడుకోవాలి. పెంటియంలు మాత్రం నువ్వన్నట్టే పోవాల్సినవి.

ముందు ఈ 'సపోర్ట్ అయిపోయింది' అనే మాట సంగతి చూద్దాం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. మర్నాడు పొద్దున కూడా ఆ కంప్యూటర్లన్నీ ఎప్పటిలాగే ఆన్ అయ్యాయి. ఆగిపోయింది ఏమిటంటే, విండోస్‌లో ఎక్కడైనా లొసుగు బయటపడితే దాన్ని పూడ్చే పని. ఇళ్లలో వాడుకునేవాళ్లకి పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా గడువిచ్చారు, అంతే. కాబట్టి నెట్‌కి తగిలించే మెషిన్‌లో పాత విండోస్ ఉంచకూడదు. నెట్‌తో పని లేని మెషిన్‌కి ఈ తేదీలతో పెద్దగా సంబంధం లేదు. నన్నడిగితే మెషిన్ ఏ సంవత్సరానిదని అడిగే ముందు, దానికి ఏ పని అప్పగిస్తున్నాం, అది నెట్ తాకుతుందా లేదా అని అడగాలి.

వచ్చిన ప్రతి మెషిన్ మీదా ఒక చీటీ అంటించు. ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత, డిస్క్ ఉందా లేదా అని రాయి. ఆఫీసులవాళ్లు డేటా భయంతో చాలాసార్లు డిస్కులు పీకేసి ఇస్తారు, అది చూసుకో. ఐ5-6500 అని ఉంటే గీత తర్వాత మొదటి అంకె ఆరు, అంటే ఆరో తరం. విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునేది ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 వరస నుంచి. పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా కావాలంటుంది. ఆరో తరానికీ ఎనిమిదో తరానికీ ఉన్న తేడా వీడియోలు ఎడిట్ చేసేవాడికి తెలుస్తుందేమో గానీ, ఎనిమిదో క్లాసు పిల్లాడు టైపింగ్ నేర్చుకునేటప్పుడు ఎవరికీ తెలియదు.

యూట్యూబ్ చూసి రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేసుకుని, ఆ చెకింగ్‌లు తప్పించి విండోస్ 11 ఎక్కించేవాళ్లున్నారు. నువ్వూ చేయగలవు, ఎక్కుతుంది కూడా. కానీ ఆ తర్వాత అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ పూచీ పడదు. కోర్ 2 డ్యుయో లాంటి వాటిమీద విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ అసలు బూటే కాదు, అది అడిగే ఇన్‌స్ట్రక్షన్లు ఆ ప్రాసెసర్లలో లేవు. ఇంట్లో ఒక మెషిన్‌తో సరదాగా చేసుకోవచ్చు. పద్నాలుగు మెషిన్లకి, అదీ పరీక్షల ముందు, ఆ టెన్షన్ నీకెందుకు?

అన్నిటిలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వెయ్యి, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్నది. 22 వరస వెర్షన్లకి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. టీచర్లు బెదిరిపోతారని భయపడకు, కింద ఎడమ పక్క మెనూ, పని చేస్తున్న కిటికీలు అడుగున, అంతా అలవాటైన పద్ధతే. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లైనక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. అక్కడ కైట్ అనే ప్రభుత్వ సంస్థ దానికోసం సొంత వెర్షనే తయారుచేసి ఇస్తుంది. ఒక్కటే షరతు: ఒకదాంట్లో మింట్, ఇంకోదాంట్లో లుబుంటు అనే వేరే లైనక్స్, మరోదాంట్లో ఇంకేదో అని ప్రయోగాలు చేయకు. ఒక మెషిన్‌ని నీకు నచ్చినట్టు పూర్తిగా సర్దుకుని, క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో దాని ఇమేజ్, అంటే డిస్క్ మొత్తం నకలు, తీసి మిగతావాటికి ఎక్కించు. రేపు ఏదైనా పాడైతే ఆ ఇమేజ్ మళ్లీ ఎక్కిస్తే అరగంటలో పని తెమిలిపోతుంది.

అయితే సాఫ్ట్‌వేర్ కంటే ముందు మూత తీయాలి. పాత కంప్యూటర్ స్లో అయిందని వచ్చే కేసుల్లో సగం దుమ్మువే. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకో, లేకపోతే అది విపరీతమైన స్పీడుతో తిరిగి బేరింగ్ పోతుంది. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ తీస్తే కింద పేస్ట్ సున్నంలా ఎండిపోయి ఉంటుంది. దాన్ని గుడ్డతో తుడిచేసి కొత్త పేస్ట్ కందిగింజంత పెట్టు, చాలు. ఆన్ చేస్తే బీప్‌లు తప్ప స్క్రీన్ రాలేదంటే కంగారుపడి మదర్‌బోర్డు పోయిందనకు. ర్యామ్ తీసి, దాని అడుగున బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కు. సగం మెషిన్లు అక్కడే లేచి కూర్చుంటాయి.

తర్వాత బిళ్ల బ్యాటరీ. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 ఉంటుంది, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ కంప్యూటర్ తారీఖు ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు ఏ సైటు తెరిచినా బ్రౌజర్ 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అంటుంది, ఎందుకంటే సైటు చూపించే సర్టిఫికెట్ ఆ తారీఖుకి ఇంకా పుట్టనే లేదు. జనం నెట్ పోయిందనుకుంటారు, వైరస్ అనుకుంటారు, రెండుసార్లు ఫార్మాట్ కొట్టిస్తారు. నువ్వు ముందు స్క్రీన్ మూల గడియారం చూడు.

డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఒకే ఒక్క చోట, ఎస్ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాలు లేని డిస్క్. తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న ఐ5 కంటే ఎస్ఎస్‌డీ ఉన్న పాత ఐ3 చురుగ్గా కనపడుతుంది. 240 జీబీ సాటాది చాలు, పేరూ ఊరూ లేని బ్రాండు కొనకు. లైనక్స్ వేసే ముందు బయోస్‌లోకి, అంటే మెషిన్ సొంత సెట్టింగుల్లోకి, వెళ్లి డిస్క్‌కి సంబంధించిన సాటా మోడ్ ఐడీఈ అని ఉంటే ఏహెచ్‌సీఐ కి మార్చు. ర్యామ్ 4 జీబీ ఉంటే నడుస్తుంది, 8 ఉంటే హాయి. 2025 చివర్లో ర్యామ్ ధరలు మండిపోవడం మొదలైంది కాబట్టి కొనడానికి పరిగెత్తకు. పద్నాలుగింట్లో రెండు ఎలాగూ లేవవు. వాటి ర్యామ్ ముక్కలు, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా), ఫ్యాన్లు తీసి మిగతావాటికి వాడు. మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంటే ఆ బోర్డు మీద ఆశ వదులుకో. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్గు పీకినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది. ల్యాప్‌టాప్ ఏదైనా ఉండి బ్యాటరీ ఉబ్బితే దాన్ని పొడవకు, వంచకు, తీసి పక్కన పెట్టేయ్. చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ లేకుండా కూడా ఛార్జర్ మీద నడుస్తాయి.

తెలుగు టైపింగ్‌కి పిల్లలకి ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్పించు. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. ఒకసారి వేళ్లకి పట్టుబడితే అవే వేళ్లతో హిందీ కూడా కొట్టొచ్చు, ఎందుకంటే భారతీయ భాషల్లో చాలావాటికి ఆ అమరిక దాదాపు ఒకటే. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్న టీచర్లకి, లైనక్స్‌లో భాషల టైపింగ్ చూసుకునే ఐబస్‌లో ఆ పద్ధతీ ఉంది. నెట్ సరిగ్గా రాని ఊరు కదా, కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంచు. తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒక్క ఫైలుగా దించుకుని నెట్ లేకుండా చదువుకోవచ్చు. వచ్చినవాటిలో బాగున్న ఒక మెషిన్‌లో అది పెట్టి, ల్యాబ్‌లో మిగతావాటికి నెట్‌వర్క్ స్విచ్ ద్వారా అందించు. జియోజెబ్రా, స్క్రాచ్, జీకాంప్రీ, లిబ్రేఆఫీస్ లాంటి చదువుకీ ఆఫీసు పనికీ పనికొచ్చే సాఫ్ట్‌వేర్లు అన్నీ మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనో వాటి సైట్లలోనో దొరుకుతాయి, వాటి గురించి నీకు నేను చెప్పేదేం లేదు. ల్యాబ్ ప్రింటర్ హెచ్‌పీ 1020 అయితే ఒక చిక్కుంది. దానికి ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే ఫర్మ్‌వేర్, అంటే ప్రింటర్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్, పంపాలి. లైనక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్లని నడిపే హెచ్‌పీలిప్ వేశాక దాని ప్లగిన్ కూడా వేస్తే ఆ తలనొప్పి పోతుంది.

ఇక బావ ఎక్స్‌పీ మెషిన్. దాన్ని చూసి నవ్వకు, ఆ షాపు అన్నం పెట్టిందే అది. అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, అను తెలుగు ఫాంట్లు, ఊళ్లో సగం ఇళ్ల పెళ్లి కార్డులు, కరపత్రాలు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీల ఫైళ్లు ఉన్నాయి. అను యూనికోడ్ కాదు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి కాదు. ఆ ఫాంట్లు లేని చోట ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనపడతాయి. అందుకే 'కొత్త కంప్యూటర్ కొనుక్కో నాన్నా' అని ఊరికే అనేస్తే కుదరదు. ఎక్స్‌పీకి సపోర్ట్ పోయింది 2014 ఏప్రిల్ 8న. కాబట్టి ముందు దాని వెనక నుంచి నెట్ వైరు పీకెయ్యి. ఆ తర్వాత దాని డిస్క్‌ని మొత్తంగా క్లోన్ చెయ్యి. పాత వెడల్పాటి ఐడీఈ కేబుల్ డిస్క్ అయితే యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. ఒక కాపీ షాపులో, ఒకటి ఇంట్లో.

కస్టమర్ల పెన్‌డ్రైవులు ఎట్టి పరిస్థితుల్లోనూ నేరుగా దానికి గుచ్చొద్దు. ముందు లైనక్స్ ఉన్న మెషిన్‌లో పెట్టి చూడు. షార్ట్‌కట్ వైరస్ ఉన్న పెన్‌డ్రైవ్‌లో విండోస్‌కి కనపడకుండా దాచిన ఫోల్డర్లు అక్కడ కళ్లెదుట కనపడతాయి, వాటి పేర్లతో ఉన్న దొంగ షార్ట్‌కట్లూ కనపడతాయి. కావాల్సిన ఫైలు మాత్రం షాపు సొంత పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని ఎక్స్‌పీకి ఇవ్వాలి. ఆ కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ని కూడా అక్కడే ఉంచేయ్. ఆ ప్రింటర్ మొండిది, లైనక్స్‌లో దాన్ని లొంగదీయడానికి ఒక ఆదివారం పాడుచేసుకునేకంటే పీడీఎఫ్ తీసుకెళ్లి ఎక్స్‌పీ నుంచి కొట్టుకోవడం మేలు. పాత ఫైళ్లలో మళ్లీ పనికొచ్చేవి ఖాళీ దొరికినప్పుడు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకో. ఒత్తులు, సంయుక్తాక్షరాలు అక్కడక్కడా తప్పుతాయి, బావ చేత ప్రూఫ్ చూపించు. ఆయన కన్ను పడితే తప్పు దాక్కోలేదు.

ఒక్క విషయంలో మాత్రం పాతవాటిమీద ప్రేమ పక్కన పెట్టు. షాపులో ఆధార్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, వేలిముద్రల మెషిన్, బ్యాంకు లావాదేవీలు ఉంటే దానికి అప్‌డేట్లు వచ్చే విండోసే కావాలి. ఎనిమిదో తరంది రీఫర్బిష్డ్ ఒకటి బిల్లుతో కొనండి. ఊళ్లోవాళ్ల డబ్బు, వేలిముద్రలు తిరిగే చోట పిసినారితనం పనికిరాదు.

పెంటియం ఫోర్‌ల సంగతి. వాటిలో ఎక్కువ 32-బిట్‌వి, అంటే పాత తరహా ప్రాసెసర్లవి. లైనక్స్‌వాళ్లే వాటిని ఒక్కొక్కరుగా వదిలేస్తున్నారు. డెబియన్ అనే లైనక్స్‌లో 13వ వెర్షన్, 2025 ఆగస్టులో వచ్చినది, వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం లేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ 32-బిట్ లైనక్స్‌కి 144వ వెర్షన్‌తో ఆపేసింది. తప్పుపట్టడానికీ లేదు, లైనక్స్ పుట్టిందే 386 ప్రాసెసర్ మీద, ఆ 386నే వాళ్లు 2012 డిసెంబర్‌లో వదిలేశారు. డెబియన్ 12కి 2028 జూన్ దాకా భద్రతా అప్‌డేట్లు ఉంటాయి కాబట్టి ఈడ్చుకురావచ్చు. కానీ ఎందుకు? ప్రెస్కాట్ రకం పెంటియం ఫోర్ ప్రాసెసర్ ఒక్కటే 84 నుంచి 115 వాట్ల దాకా తింటుంది. ఇప్పటి చిన్న ఇంటెల్ ఎన్100 చిప్ 6 వాట్ల రకం. కరెంటు బిల్లు కట్టేది స్కూలు. ఒకటి ఉంచుకుని పిల్లల చేత విప్పించి మళ్లీ బిగించు, ప్రాసెసర్ ఏదో ర్యామ్ ఏదో బొమ్మల్లో కాక చేత్తో పట్టుకుని తెలుసుకుంటారు. మిగతావి పంపించేయ్.

పంపేముందు డిస్కులు ఖాళీ చేయడం మరిచిపోకు. డిలీట్ నొక్కితే పోదు, ఎన్‌వైప్ అనే సాఫ్ట్‌వేర్‌తో మొత్తం తుడవాలి. పిల్లల మార్కులు, ఆధార్ జిరాక్సులు వాటిలో ఉండి తీరతాయి. కిలోల లెక్కన కొనేవాడికి కాకుండా గుర్తింపు ఉన్న ఈ-వేస్ట్ రీసైక్లర్‌కి ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ రూల్స్ చెప్పేదీ అదే. కిలోలవాడు రాగి కోసం వైర్లు తగలబెడతాడు, ఆ పొగ పీల్చేది ఊరే.

ఇదంతా చేశాక ఎవరు చూసుకుంటారన్నది అసలు ప్రశ్న. నీకు రేపు బదిలీ అయితే ఏంటి? తొమ్మిదో క్లాసులో ఆసక్తి ఉన్న ఇద్దరిని, ఎనిమిదిలో ఇద్దరిని పట్టుకో, ఇమేజ్ ఎక్కించడం, ర్యామ్ తుడవడం నేర్పించు. ఒక నోట్‌బుక్ పెట్టి ఏ మెషిన్‌కి ఏం చేశారో తారీఖుతో రాయించు. అడ్మిన్ పాస్‌వర్డ్ సీలు వేసిన కవర్లో పెట్టి హెడ్మాస్టరుగారి బీరువాలో ఉంచు.

ఎస్ఎస్‌డీలు నువ్వు కొనకు, చీటీలు రాసి ఫోటోలు పంపితే ఎన్ని కావాలో చూసి నేనే తెస్తాను. ఈలోపు బావ షాపులో కుర్రాడు ఎక్స్‌పీ మెషిన్ స్లో అయిందని ఫార్మాట్ కొట్టకుండా చూడు.

ఇట్లు
మీ మామయ్య