గుంటూరు ఆదివారాలు

చిరంజీవి అబ్బాయికి,
పెదనాన్న ఆశీస్సులు.

కోడలూ పిల్లా గుంటూరులో, నువ్వు బెజవాడలో. అయిదో నెల వచ్చేదాకా ఆదివారం ఆదివారం వెళ్ళొస్తానంటున్నావు. చిక్కంతా అక్కడే ఉంది. అల్లుడొచ్చాడని అత్తగారు కోడికూర వండుతారు. నువ్వు తిని, పిల్లని కాసేపు ఎత్తుకుని, ఫోటోలు తీసుకుని, సాయంత్రం బస్సెక్కేస్తావు. తీరా వాళ్ళు బెజవాడ వచ్చేసరికి పిల్లకి నువ్వు కొత్త, నీకు పని కొత్త. అందుకే శనివారం రాత్రికే వెళ్ళు. మనిషి సాయం కావలసింది రాత్రిపూటే. పాలిచ్చేది ఎలాగూ కోడలే. ఆ తర్వాత తేన్పించడం, గుడ్డ మార్చడం, జోకొట్టడం నీ పని. పాలవ్వగానే తను పడుకుంటే రెండు గంటల నిద్ర దక్కుతుంది.

తేన్పించడం చూడటానికి తేలిక. నీ భుజం మీద పాత నూలుగుడ్డ వేసుకో. ఒక చెయ్యి మెడ వెనక ఆనించి, పిల్ల గడ్డం నీ భుజం మీదికి వచ్చేలా ఎత్తుకో. రెండో అరచెయ్యి దోసిలిలా వంచి, వీపు మీద కిందినుంచి పైకి మెల్లగా తట్టు. పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు. రెండు నిమిషాలు తట్టి, రాలేదని పడుకోబెడతారు చాలామంది. గాలి లోపలే ఉండిపోయి, పిల్ల కాసేపటికే పాలు కక్కి లేస్తుంది. పడుకోబెట్టేది వెల్లకిలాయే. తల గుండ్రంగా వస్తుందని పెట్టే ఆవాల దిండూ వద్దు.

మొదటి వారం దాటాక రోజుకి ఆరుసార్లయినా ఉచ్చ పోయాలి. తగ్గితే పాలు చాలట్లేదేమో డాక్టరుకి చూపించాలి. లెక్క ఫోన్లో రాసుకో. రోజూ ఫోన్ చేసినప్పుడు "ఎలా ఉన్నారు" అంటే "బాగున్నాం" అనే వస్తుంది. "రాత్రి ఎన్నిసార్లు లేచావు, మధ్యాహ్నం ఎన్నింటికి తిన్నావు" అని అడుగు. కాన్పయ్యాక మొదటి రెండు వారాలు తల్లికి ఊరికే కన్నీళ్ళు రావడం మామూలే. ఆ తర్వాత కూడా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే, దిష్టి తీసి ఊరుకోకు.

స్నానం అత్తగారి రాజ్యం, అందులో వేలు పెట్టకు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, సాంబ్రాణి పొగ పట్టడం మాత్రం మానాలి. అది నువ్వు చెబితే అల్లుడి పెత్తనమవుతుంది. టీకాకి వెళ్ళినప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళి డాక్టరు చేత చెప్పించు. ఎండలు ముదిరితే దాహమని నీళ్ళు పట్టమనేవాళ్ళు ఉంటారు. ఆర్నెల్లదాకా చుక్క కూడా వద్దు, పాలే ఎక్కువసార్లు ఇవ్వాలి. తేనె ఏడాదిదాకా నాకించకూడదు.

ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలకి సెలవు ఇప్పుడే చెప్పి పెట్టు. టీకా తర్వాత జ్వరం వస్తే ఏం వేయాలో అక్కడే అడిగి రాయించుకో. మామూలు రోజుల్లో, మూడు నెలల లోపు పిల్లకి 100.4 డిగ్రీలు చూపిస్తే తెల్లారేదాకా ఆగకు. పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదయిందో లేదో ఆసుపత్రిలో కనుక్కునే పని కూడా నీదే. పేరు తర్వాత చేర్చుకోవచ్చు.

కోడికూర వద్దనకు, ఆవిడ నొచ్చుకుంటారు. తిన్నాక మోచేతులదాకా సబ్బుతో కడుక్కుని గదిలోకి వెళ్ళు.

ఇట్లు,
పెదనాన్న