ఎడిసన్ జిప్ కోడ్‌లో మాయమైన సున్న

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్న మీ అమ్మాయి చిరునామా లేబుల్‌పై 8820 అని నాలుగంకెలే అచ్చవుతున్నాయని, పార్శిల్ ఫారం ఆ కోడ్‌ను తిరస్కరిస్తోందని రాశారు. అమ్మాయి ఇచ్చిన కోడ్‌లో తప్పు లేదండి. అసలు కోడ్ 08820. మీ స్ప్రెడ్‌షీటు (ఎక్సెల్ వంటి పట్టిక) దాన్ని మామూలు సంఖ్యగా తీసుకొని మొదటి సున్నను మింగేసింది.

1963లో మొదలైన అమెరికా జిప్ కోడ్‌లో మొదటి అంకె ప్రాంతాన్ని సూచిస్తుంది. ఆ వరుస ఈశాన్యంలో సున్నతో మొదలై పడమటి తీరంలో తొమ్మిదితో ముగుస్తుంది కనుక న్యూజెర్సీ, కనెక్టికట్, మసాచుసెట్స్ రాష్ట్రాల కోడ్‌లు సున్నతోనే మొదలవుతాయి. 1972లో వచ్చిన మన పిన్ కోడ్ సున్నతో మొదలు కాదు. తెలుగు రాష్ట్రాలకైతే మొదటి అంకె ఐదు. అందుకే మన చిరునామాల పట్టికలో ఈ చిక్కు ఎన్నడూ బయటపడదు. బ్రిటన్ కోడ్‌లు అక్షరాలతోనే మొదలవుతాయి కాబట్టి అక్కడివారికీ ఈ బాధ లేదు.

ఆ నిలువు వరుసను ఎంచుకొని, ఫార్మాట్ సెల్స్‌లో టెక్స్ట్‌గా మార్చిన తరువాతే కోడ్‌లను మళ్లీ టైప్ చేయండి. అదే ఫార్మాట్ సెల్స్‌లోని కస్టమ్‌లో 00000 అని ఇచ్చినా సున్న కనబడుతుంది గానీ, లోపలి విలువ 8820గానే మిగులుతుంది కనుక, లేబుళ్లు అచ్చు వేసేటప్పుడు అది మళ్లీ జారిపోవచ్చు. సీఎస్‌వీగా (విలువలను కామాలతో విడదీసి ఉంచే సాదా ఫైలుగా) దాచినదాన్ని నేరుగా తెరిచినా అదే జరుగుతుంది; దాన్ని ఇంపోర్ట్ చేస్తూ ఆ వరుసను టెక్స్ట్‌గా ఎంచుకోవాలి.