వీసీ గారు విమానమెక్కితే మన మినుముకేంటి?

ప్రశ్న: మా మాగాణి మినుముకు మూడేళ్లుగా, ఆకులు పసుపు రంగుకు తిరిగే పల్లాకు తెగులు వదలడం లేదు. పేపరు తెరిస్తే వ్యవసాయ విశ్వవిద్యాలయం వీసీ గారు విదేశాల్లో ఒప్పందాల మీద సంతకాలు పెడుతూ కనిపిస్తారు. ఊళ్లు తిరగాల్సిన మనిషి దేశాలు తిరిగితే మాకు ఒరిగేదేంటి?
- ఓ రైతు, కృష్ణా డెల్టా

జవాబు: మీ కోపం నాకు కొత్త కాదు. పరిశోధన ఫలితాలను రైతులకు చేరవేసే విస్తరణ విభాగంలో పనిచేసి రిటైరైన వాణ్ని. పొలం గట్ల మీద ఈ మాట చాలాసార్లు పడ్డాను. ఊరి పని వేరు, విదేశం పని వేరు అంటే మాత్రం ఒప్పుకోను.

మన వ్యవసాయ విశ్వవిద్యాలయం పుట్టుకే చూడండి. 1964లో రాజేంద్రనగర్‌లో అది మొదలయ్యేనాటికే అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఇక్కడ పనిచేస్తున్నారు. చదువు చెప్పేవాళ్లు, పరిశోధన చేసేవాళ్లు, రైతు దగ్గరికి వెళ్లేవాళ్లు ఒకే గొడుగు కింద ఉండాలన్న పద్ధతి అక్కడిదే. అయితే మనం దాన్ని సగమే తెచ్చుకున్నాం. అక్కడ విస్తరణ సిబ్బంది 1914 నాటి చట్టంతో విశ్వవిద్యాలయాలకే అనుబంధంగా ఉంటారు. ఇక్కడ ఊళ్లలో తిరిగే సిబ్బందిలో ఎక్కువమంది వ్యవసాయ శాఖ వాళ్లు. అందుకే ఇక్కడి వీసీ ముందు చక్కబెట్టుకోవాల్సిన దౌత్యం శాఖ కమిషనర్‌తోనే! దానికి శాలువాలుండవు, ఫొటోలూ రావు.

ఇక ఒరిగేదేంటి అన్నారు. మీ పక్క పొలంలో స్వర్ణ వరి ఉందనుకుందాం. అది ఎంటీయూ 7029, 1982లో మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చింది. దాని తల్లిదండ్రుల్లో ఒకటైన మషూరి మలేషియా నుంచి వచ్చింది. స్వర్ణ తూర్పు రాష్ట్రాలన్నీ తిరిగి బంగ్లాదేశ్ పొలాల్లోకీ వెళ్లింది. ఆ తర్వాత ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దానికి మునకను తట్టుకునే జన్యువు జోడించింది. ఆ జన్యువు ఎక్కడిదనుకున్నారు? ఒడిశా పాత వరిది! అలా తయారైన స్వర్ణ సబ్-1 2009లో మన దేశంలో విడుదలైంది. రెండు వారాల వరకూ నీట మునిగినా కోలుకుంటుంది. బయటి నుంచి ఏమీ రాకూడదనుకుంటే మీ గాదెలో సగం ఖాళీ.

మీ పల్లాకు తెగులూ అంతే. తెల్లదోమ మోసుకొచ్చే ఆ వైరస్ జాతి తెగుళ్లు పాకిస్తాన్, బంగ్లాదేశ్ అపరాలనూ పీడిస్తున్నాయి. తట్టుకునే మొక్క ఏ దేశంలో దొరికినా దాని విత్తనం మనకు కావాలి. అది జేబులో వేసుకొచ్చే సరుకు కాదు. జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో అనుమతి, క్వారంటైన్ పరీక్షలు దాటాకే శాస్త్రవేత్త చేతికొస్తుంది. ఒప్పందం ఉంటే ఎవరు ఏమివ్వాలో తేలుతుంది, పని ముందుకు కదులుతుంది.

అలాగని ప్రతి సంతకానికీ చప్పట్లు కొట్టమనను. ఎంఓయూల్లో, అంటే ఆ ఒప్పంద పత్రాల్లో చాలావరకు బీరువాలోనే ముసలివైపోతాయి. వీసీ పదవీకాలం మూడేళ్లు. కొత్తాయన వచ్చి కొత్త దేశం చూసుకుంటారు, పాత ఫైలు అటకెక్కుతుంది. నా లెక్కలో విదేశీ ఒప్పందానికి ఒకటే పరీక్ష: అది చిరుసంచి దాకా వచ్చిందా?

చిరుసంచి మీకు తెలిసే ఉంటుంది. విడుదలకు ముందు పేరు కూడా లేని, నంబరు మాత్రమే ఉన్న విత్తనాన్ని చిన్న సంచుల్లో రైతులకిస్తారు. మీ రకం పక్కనే వేసి చూడమంటారు. ఒకసారి ఇలాగే ఇచ్చిన వరి బాగా పండింది. మా శాస్త్రవేత్త దిగుబడి రాసుకుంటుంటే, ఆ ఇంటావిడ పొద్దుటి అన్నం గిన్నె తెచ్చి ముందు పెట్టింది. “ఒక ముద్ద తినండి సార్, సాయంత్రానికే గింజ బిరుసెక్కిపోతోంది” అంది. ఆయన తిన్నాడు. రాసుకున్న దిగుబడి కింద ఆ సంగతి కూడా రాశాడు. ఆ కాగితం పై దాకా వెళ్లేలా చూడటం వీసీ పని. రైతులకు సలహాలిచ్చే విశ్వవిద్యాలయం వారి ఏరువాక కేంద్రంలో ఖాళీలు నింపడం, జీపుకు డీజిల్ ఇప్పించడం కూడా ఆయన పనే. లేకపోతే కాన్సాస్ కాదు, చంద్రమండలంతో ఒప్పందం చేసుకున్నా మీ ఊరు రాదు.

మీరు చేయగలిగింది ఉంది. పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాలకు రైతుల్నీ పిలుస్తారు. మీ ఏరువాక కేంద్రం వాళ్లనడిగి వెళ్లండి. “ఫలానా ఒప్పందం వల్ల ఏ విత్తనం వచ్చింది, ఏ మండలంలో చిరుసంచులిచ్చారు?” అని సూటిగా అడగండి. గొడవ పడనక్కర్లేదు, మినిట్స్‌లో రాయించండి చాలు. ఈలోగా తెగులు తట్టుకునే రకమేదో కేంద్రంలో కనుక్కుని వేయండి. ఆకులు పసుపు రంగుకు తిరిగిన మొక్క కనిపించగానే పీకేయండి, పక్కదానికి అంటే దాకా చూడొద్దు.

ప్రశ్న: వ్యవసాయ కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడ్డాను. పూర్వ విద్యార్థుల సమావేశానికి వీసీ గారొచ్చి విరాళం అడిగారు. మా బ్యాచ్ ఆర్చి కట్టిద్దామంటోంది. మీరేమంటారు?
- ఓ పూర్వ విద్యార్థి, టెక్సాస్

జవాబు: అడగడం తప్పు కాదు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ లాంటి దాతలు లేకపోతే ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సైన్సు కళాశాల అంత త్వరగా లేచేది కాదు. ఆర్చి మాత్రం వద్దండీ. దాని కింద నుంచి ఎండకు, వానకు బస్సు పోవడం తప్ప మరేమీ జరగదు.

చివరి ఏడాది పిల్లలు ‘రావెప్’ కింద ఊళ్లలో ఉండి రైతులతో పనిచేస్తారు కదా, మీరూ చేసే ఉంటారు. గది అద్దె, బస్సు ఖర్చు ఆ పిల్లలకు భారం. ముఖ్యంగా ఆడపిల్లలకు మంచి గది దొరకడమే టెన్షన్. మీ డబ్బు దానికివ్వండి. ఒక షరతు పెట్టండి: ఏ ఊళ్లో, ఎవరి పొలంలో, ఏం చేశారో ఆ పిల్లలే ఏటా మీ బ్యాచ్‌కు ఉత్తరం రాయాలి. వీసీ మారినా ఆ షరతు మారకుండా పాలక మండలి తీర్మానంలో పెట్టించుకోండి.