లోపలి వలయంలో నిజంగా అన్నేసి ఎలక్ట్రాన్లు ఉన్నాయా?

భూమి చుట్టూ ఆవేశిత కణాలతో నిండి ఉండే వికిరణ వలయాలను కొలిచిన వాన్ అలెన్ ప్రోబ్స్ ఉపగ్రహాల డేటాను నాసా వారి సీడీఏవెబ్ అనే వెబ్‌సైటు నుంచి దించుకొని గ్రాఫు గీస్తే, ఎల్ విలువ (అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర భూకేంద్రం నుంచి దూరం, భూ వ్యాసార్థాల్లో) 1.5 దగ్గర, అంటే లోపలి వలయంలో, ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టుకు మించిన శక్తి గల ఎలక్ట్రాన్లు గుట్టలుగా కనిపిస్తున్నాయని, పరిశోధన పత్రాలు మాత్రం అక్కడ అవి దాదాపు లేవంటున్నాయని, పొరపాటు డేటాదా మీదా అని మీరు అడిగారు. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను కూడా సరిగ్గా ఆ గ్రాఫే గీసి, సెమినారులో చూపించడానికి సిద్ధపడ్డాను కనుక అనుభవంతో చెబుతున్నాను: డేటాలో తప్పు లేదు, లెక్కలో మీరూ తప్పు చేసి ఉండకపోవచ్చు. మీరు గీసింది బహుశా నేపథ్య సవరణకు, అంటే ఇతర కణాల వల్ల పడిన లెక్కను తీసివేయడానికి, ముందున్న డేటా.

ఫైలులో ఉన్న సంఖ్య ఎలక్ట్రాన్ల సంఖ్య కాదు. డిటెక్టరు మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కించి, ఆ దెబ్బలన్నీ ఎలక్ట్రాన్లవేనని అనుకొని మార్చిన ఫ్లక్స్, అంటే కణప్రవాహ తీవ్రత. ఆ ఉపగ్రహాల్లోని మ్యాగ్‌ఈఐఎస్ అనే పరికరం అయస్కాంత క్షేత్రంతో ఎలక్ట్రాన్లను వంచి, శక్తిని బట్టి వేర్వేరు సిలికాన్ డిటెక్టర్ల మీద పడేలా చేస్తుంది. భూమికి మరింత దూరంగా ఉండే వెలుపలి వలయంలో ఈ ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. లోపలి వలయంలో మాత్రం పదుల నుంచి వందల మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ప్రోటాన్లు పరికరం కవచాన్నే ఛేదించుకొని, ఏ దిక్కు నుంచైనా వచ్చి డిటెక్టరును తాకుతాయి, లెక్కలో అవి కూడా ఎలక్ట్రాన్లుగానే చేరిపోతాయి. అయితే ఒక డిటెక్టరు మీద పడవలసిన ఎలక్ట్రాను అక్కడ ఎంత శక్తిని వదలాలో ముందే తెలుసు కాబట్టి, వచ్చిన స్పందనల ఎత్తును పరిశీలించి, ఆ అంచనాకు సరిపోనివాటిని నేపథ్యంగా తీసివేయవచ్చు. పరికరాన్ని నడిపిన బృందమే ఈ పని చేసి, సవరించిన ఫ్లక్స్‌ను విడిగా విడుదల చేసింది. దాని ఆధారంగానే 2015లో, లోపలి వలయంలో ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టుకు దగ్గరగా, అంతకు మించి శక్తి గల ఎలక్ట్రాన్లు గుర్తించదగినంతగా లేవని ప్రకటించారు. మా గైడు నా గ్రాఫు చూసి అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇది సవరించిందేనా?" రెండు రకాలు ఉన్నాయన్న సంగతే నాకు అప్పటిదాకా తెలియదు.

ఈ రంగం పుట్టుకే ఇటువంటి చిక్కుతో జరిగిందని తరువాత చదివి కొంత ఊరట చెందాను. 1958 జనవరి 31న ప్రయోగించిన అమెరికా ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1లో టేప్ రికార్డరు లేదు. భూమి మీది కేంద్రాలకు అందిన కొద్ది నిమిషాల సంకేతమే దిక్కు. అందులో వికిరణాన్ని లెక్కించే గైగర్ కౌంటరు కొన్ని ఎత్తైన చోట్ల సున్నా చూపించింది. అదే ఏడాది మార్చిలో వెళ్లిన ఎక్స్‌ప్లోరర్-3లోని టేప్ రికార్డరు పూర్తి కక్ష్యా డేటాను అందించాక, ఈ వలయాలను కనుగొన్న జేమ్స్ వాన్ అలెన్ బృందంలోని కార్ల్ మెకిల్వేన్ అలాంటి కౌంటరు గొట్టాన్నే ఎక్స్-కిరణాల ముందు ఉంచి చూశారు. కిరణాలు మరీ తీవ్రమైతే కౌంటరు ఉక్కిరిబిక్కిరై లెక్కించడం మానేస్తుందని తేలింది. సున్నా కనిపించిన చోటే వికిరణం అత్యధికంగా ఉందన్నమాట. మీ గ్రాఫులో దానికి తలకిందులుగా, లేనిచోట ఉన్నట్టు కనిపిస్తోంది.

కాబట్టి ఫైలులో సవరించిన చరరాశిని తీసుకోండి, కానీ దాని పక్కనే ఉండే, ఆ విలువలో అనిశ్చితి ఎంతో చెప్పే దోష చరరాశిని వదిలేయకండి. నేపథ్యమే అధికంగా ఉన్న చోట మిగిలిన ఫ్లక్స్ విలువకు పెద్దగా అర్థం ఉండదు. అలాగే విలువ లేని చోట నింపిన సంఖ్య, అంటే మైనస్ ఒకటి పక్కన 31 సున్నాలు, సగటులో కలిసిపోకుండా ముందే తీసివేయండి. నేను ఒక సాయంత్రమంతా రుణాత్మక ఫ్లక్స్‌కు భౌతిక కారణం వెతుకుతూ గడిపానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడను. ఫైలు పేరు చివర ఉండే వెర్షన్ సంఖ్యను కూడా రాసిపెట్టుకోండి. క్రమాంకనం, అంటే పరికరం చూపే అంకెలను సరిచూసే పద్ధతి, మెరుగైన ప్రతిసారీ బృందాలు మొత్తం డేటాను మళ్లీ తయారు చేస్తాయి, పాత ఫైలుతో వచ్చిన గ్రాఫు కొత్త ఫైలుతో అచ్చంగా రాదు. డేటా ఉచితంగా దొరకడం గొప్ప సౌకర్యమే. అయితే నా దృష్టిలో దానితో పాటు ఇచ్చిన ఈ దోషాలూ వెర్షన్లూ వివరణ పత్రాలూ అసలు సంఖ్యలంత విలువైనవి. అవే లేకపోతే పరికరం తయారుచేసిన గది బయట ఉన్నవాళ్లెవరూ దాన్ని నమ్మి వాడలేరు.

లోపలి వలయంతో ప్రారంభించడం కొత్తవారికి కష్టం. నా సలహా, అవే ఉపగ్రహాల్లోని రెప్ట్ అనే మరో పరికరం నుంచి 2012 సెప్టెంబరు డేటాను ముందుగా గీయండి. ఆగస్టు 30న ప్రయోగం జరగగా, ఈ కణాలనే కొలుస్తూ త్వరలో భూవాతావరణంలో కాలిపోనున్న శాంపెక్స్ అనే పాత ఉపగ్రహపు కొలతలతో పోల్చుకునే వీలు కోసం రెప్ట్‌ను అనుకున్న దానికంటే ముందే, సెప్టెంబరు 1న ఆన్ చేశారు. ఆ తొందర వల్లే రెండు వలయాల నడుమ ఎవరూ ఊహించని మూడో వలయం దొరికింది. సుమారు నాలుగు వారాలు నిలిచి, సూర్యుని వైపు నుంచి వచ్చిన ఆఘాత తరంగంతో చెదిరిపోయింది. ఎల్ విలువ 3 దాటిన ఆ చోట ప్రోటాన్ల బెడద తక్కువ. నాలుగు మెగా ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన వాహికలను (శక్తి శ్రేణులను) ఎంచుకొని, ఎల్ విలువను నిలువు అక్షంగా, రోజులను అడ్డంగా పెట్టి, రంగును లాగరిథమిక్ కొలమానంలో వేస్తే, ఆ సన్నని పట్టీ మీ గ్రాఫులోనూ స్పష్టంగా కనిపిస్తుంది.