భార్య గర్భం వద్దంటోంది, నాకు కావాలి. నా సంతకం లేకుండా అబార్షన్ చేస్తారా?

ప్రశ్న: మా బాబుకి పది నెలలు. నా భార్య మళ్ళీ నెల తప్పింది, ఏడో వారం అన్నారు. తను తీయించేసుకుంటానంటోంది. నాకు ఉంచుకోవాలని ఉంది. బిడ్డ నాది కూడా కదా, నాకు ఏ హక్కూ లేదా?

జవాబు: ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. మీ సంతకం అక్కర్లేదు. అబార్షన్ల కోసం చేసిన 1971 నాటి ఎంటీపీ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడమనిషి అయితే ఆమె సమ్మతి ఒక్కటే కావాలి. మైనరైనా, మానసిక అనారోగ్యం ఉన్నా మాత్రమే గార్డియన్ సంతకం అడుగుతారు. భర్త ఒప్పుకోవాలి, ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి అంటూ చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అంతకుముందు, తన అనుమతి లేకుండా భార్య అబార్షన్ చేయించుకుందని ఒకాయన ఆమె మీదా డాక్టర్ల మీదా నష్టపరిహారానికి దావా వేస్తే, ఆ కేసు 2017లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి అక్కడా నిలబడలేదు.

ఇది చదివి మీ మనసు చివుక్కుమనే ఉంటుంది. అలా అడిగినందుకు మిమ్మల్ని తప్పుపట్టను. మా ఆయనా అలాగే బాధపడ్డాడు.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు, ఆయన ఉద్యోగం మస్కట్లో. 2019లో మా పాపకి పదకొండు నెలలప్పుడు నాకు మళ్ళీ నెల తప్పింది. మొదటిది సిజేరియనే. మంచం మీంచి లేవాలంటే కుట్టు దగ్గర పట్టేసేది. పాప ఇంకా పాలు తాగుతోంది, నాకు రక్తం ఎనిమిది పాయింట్లు కూడా లేదు. ఇంకో కాన్పు అనుకుంటేనే కాళ్ళు వణికేవి. టౌన్లో ఆసుపత్రికి వెళ్తే ఆరో వారమని, మాత్రలతో సరిపోతుందని డాక్టరమ్మ చెప్పారు. తీరా కౌంటర్ దగ్గర, "మీవారి సంతకం లేనిదే ఫారం తీసుకోం" అన్నారు. ఆయన దేశంలో లేడంటే, మామగారినైనా తీసుకురమ్మన్నారు.

అత్తయ్య పాపమంది. మామయ్య నోరు విప్పలేదు. ఆయన్ని సంతకం పెట్టి ఫొటో పంపమంటే రెండు రోజులు ఫోనే ఎత్తలేదు. పంపాక అది చెల్లదన్నారు. అలా అలా మూడు వారాలు గడిచిపోయాయి. అప్పట్లో మాత్రలు ఏడు వారాల వరకే ఇచ్చేవారు, 2021 తర్వాతే దాన్ని తొమ్మిది చేశారు. చివరికి వేరే ఊళ్ళో, మత్తిచ్చి చేయాల్సి వచ్చింది. అక్కర్లేని ఒక సంతకం కోసం నా ఒంటి మీద పడిన భారం అది. అందుకే మీ ప్రశ్నలో 'సంతకం' అన్న మాట చూడగానే నా గుండె గట్టిగా కొట్టుకుంది.

ఆ రెండో ఆసుపత్రికి నాకు తోడుగా వచ్చింది మా అక్క. అక్క కథ కూడా చెప్పాలి, అది లేకపోతే నేను చెప్పేది సగమే అవుతుంది.

అక్కకి ఇద్దరు ఆడపిల్లలు. 2006లో మూడోసారి కడుపుతో ఉంటే అత్తింటివాళ్ళు ఎక్కడికో తీసుకెళ్ళి స్కాన్ తీయించారు. ఆడపిల్లని చెప్పారు. అలా చూడటమే 1994 చట్టం కింద నేరం, అయినా చూశారు, చెప్పారు, మర్నాడే తీయించేశారు. అక్క ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టింది. కావాలా వద్దా అని దాన్ని అడిగిన మనిషి లేడు. ఆ రోజు పాపమన్న నోరు కూడా ఒక్కటి లేదు. ఇప్పటికీ డిగ్రీకి వెళ్ళే పిల్లల్ని చూస్తే, "ఉండుంటే దానికీ ఇదే వయసు" అంటుంది. నాకు అలాంటి కుమిలిపోవడం లేదు. దిగులుంది, పశ్చాత్తాపం లేదు. రెండింటినీ అబార్షనే అంటారు. ఆసుపత్రి రిజిస్టర్లో రెండూ ఒకేలా ఉంటాయేమో. నాకు మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా కనిపిస్తుంది.

కడుపులో ఉన్నది ఏమీ కాదని నేను అనను. స్కాన్‌లో ఆ చిన్న చుక్క కొట్టుకోవడం నేనూ చూశాను, ఇంటికొచ్చి ఏడ్చాను. కానీ దాన్ని ఈ లోకంలోకి తేవాలంటే తొమ్మిది నెలలు ఒక ఆడమనిషి రక్తం, ఎముక, నిద్ర, కొన్నిసార్లు ప్రాణం కూడా పెట్టాలి. ఆమె తనంతట తాను పెడితే అది ప్రేమ. ఇంకొకరు పెట్టించకూడదు, భర్త అయినా సరే. ఉంచుకుంటానన్న మా అక్క చేత బలవంతంగా తీయించడం ఎంత తప్పో, వద్దన్న మీ ఆవిడ చేత బలవంతంగా మోయించడం అంతే తప్పు. వాళ్ళ ఒంటి మీద నిర్ణయం వాళ్ళదే అంటేనే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

నిజానికి మన చట్టం ఇంత దూరం రాలేదు. ఇరవై వారాల లోపు కూడా డాక్టరు సరేనంటేనే చేస్తారు. గర్భనిరోధకం పనిచేయలేదనో, ఆరోగ్యానికి ముప్పనో కారణం రాయాలి. ఆ పైన ఇరవై నాలుగు వారాల దాకా కొందరికే, అదీ ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటేనే. నాకిది చాలదనిపిస్తుంది.

మీ బాధ ఏం చేయాలంటారా? ఆవిడకి చెప్పండి, ఒక్కసారి, మెత్తగా. మూడో రోజు మా ఆయన ఫోన్ చేసి, "నాకు ఉంచుకోవాలనే ఉంది, అబద్ధమాడను. నీకు చేతకాదంటే వద్దు" అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నా కాపురం నిలబడిందంటే ఆ మాటే కారణమని నమ్ముతాను.

ఒకవేళ ఆవిడ వద్దనే ఖాయం చేసుకుంటే ఆలస్యం చేయకండి, ఏడో వారం అంటున్నారు కాబట్టి ఇంకా వ్యవధి ఉంది. మెడికల్ షాపులో మాత్రలు కొని ఇంట్లో మింగించొద్దు. గర్భం ట్యూబులో ఉందేమో స్కాన్ చేసి చూడాలి, అక్కడుంటే ప్రాణాపాయం. బాబుని ఆ రోజు ఎవరి దగ్గర ఉంచుతారో ముందే చూసుకోండి. మీ అమ్మగారితో చెప్పాలా వద్దా అన్నది ఆవిడకే వదిలేయండి. గంటకి రెండు మూడు ప్యాడ్లు తడిసిపోతున్నా, జ్వరమొచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు వంట మీరు చూసుకోండి, రాత్రి బాబు లేస్తే మీరే ఎత్తుకోండి.